తిండి బాగా తింటూ తాగితే లివర్‌కి ఏం కాదా? మైటోకాండ్రియా సంగతి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ బావగారికి 44 ఏళ్లు. పన్నెండేళ్లుగా రోజూ రాత్రి ఒక క్వార్టర్ తాగుతారు. కామెర్లు లేవు, నొప్పి లేదు. ఆఫీసువాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. రక్తంలో లివర్ ఎంజైమ్‌లు ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 44, జీజీటీ 310, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం "వాడు గుడ్లు, మాంసం దండిగా తింటాడు, ఖాళీ కడుపుతో తాగేవాళ్లకే లివర్ పాడయ్యేది" అంటున్నారు. మద్యం వల్ల లివర్ కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియా దెబ్బతింటాయని మీరు ఎక్కడో చదివారు. ఏది నిజం, బాగుపడుతుందా, కోఎంజైమ్ క్యూ10 లాంటి మాత్రలు పనిచేస్తాయా అన్నది మీ ప్రశ్న.

నేను పాథాలజిస్టుని. లివర్ బయాప్సీ స్లైడ్లు చూడడం నా పనిలో భాగం. మీరు చదివింది నిజమే. ఇంట్లోవాళ్ల మాట సరికాదు, కానీ అది వాళ్లు కల్పించుకున్న మాట కూడా కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అలా నమ్మారు. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ నమ్మకం ఎలా పోయిందో తెలిస్తే మైటోకాండ్రియా విషయం సులభంగా అర్థమవుతుంది.

ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్, ఆయన సహచరులు 1949లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి, మద్యానికి లివర్ మీద ప్రత్యేకమైన విషప్రభావం ఏమీ లేదని, చక్కెర ఎంత చేస్తుందో అదీ అంతే చేస్తుందని తేల్చారు. తాగుబోతులు సరిగ్గా తినరు, అందుకే లివర్ పోతోంది, కోలిన్ లాంటి పోషకాలు ఇస్తే చాలు అన్నది వాళ్ల వాదన. చాలాకాలం వైద్యవిద్యార్థులకు చెప్పిన పాఠం ఇదే. దీన్ని న్యూయార్క్‌లో పనిచేసిన చార్లెస్ లీబర్ ప్రశ్నించారు. ఎలుకలకు మద్యం రుచించదు. నీళ్లలో కలిపి పెడితే లివర్ చెడేంత మోతాదు తాగవు. అందుకని లీబర్, ఆయనతో పనిచేసిన డికార్లీ కలిసి అన్ని పోషకాలూ ఉన్న ద్రవాహారం తయారుచేసి, అందులో మూడో వంతుకు పైగా కేలరీలు మద్యం నుంచే వచ్చేలా కలిపారు. తిండిలో ఏ లోటూ లేకపోయినా ఎలుకల లివర్‌లో కొవ్వు పేరుకుంది. 1960లలోనే మనుషుల మీద కూడా చూశారు. ప్రోటీన్ ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న మంచి భోజనం పెడుతూ వాలంటీర్లకు కొద్ది వారాలపాటు మద్యం ఇచ్చి బయాప్సీ తీస్తే, కొవ్వు పెరగడమే కాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మైటోకాండ్రియా ఉబ్బి, ఆకారం మారి కనిపించాయి. రూబిన్, లీబర్ ఆ ఫలితాలను 1968లో ప్రచురించారు. 1974లో బబూన్లనే కోతుల్లో సిర్రోసిస్ దాకా, అంటే లివర్ మచ్చకట్టి గట్టిపడేదాకా, చూపించారు.

అంటే రక్తపరీక్షల్లో ఏదైనా తేడా గట్టిగా తెలియకముందే, తిండి బాగున్నా, మైటోకాండ్రియా రూపం మారుతుంది.

ఇప్పుడు మోతాదు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో మద్యం సాధారణంగా 42.8 శాతం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 61 గ్రాములు. నైంటీ అయితే 30 గ్రాములు. 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా 41 గ్రాములు, "బీరేగా" అనుకునేవాళ్ల కోసం చెబుతున్నా. రోజుకు 60 గ్రాములు దాటి తాగేవాళ్లలో సుమారు 90 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంటుందని వైద్యగ్రంథాలు చెబుతాయి. మీ బావగారు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. లివర్ గంటకు మామూలుగా 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. రాత్రి తొమ్మిదింటికి సీసా ఖాళీ అయితే తెల్లవారుజాము దాకా లివర్‌కి ఇదే పని.

ఆ పని ఎక్కడ జరుగుతుంది? ఒక్కో లివర్ కణంలో వెయ్యి నుంచి రెండు వేల దాకా మైటోకాండ్రియా ఉంటాయి, కణం పరిమాణంలో దాదాపు ఐదో వంతు అవే. మద్యాన్ని ముందు కణద్రవంలో ఒక ఎంజైమ్ ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది అసలైన విషం. దాన్ని హానిలేని ఎసిటేట్‌గా మార్చే ముఖ్యమైన ఎంజైమ్ ఏఎల్‌డీహెచ్2 మైటోకాండ్రియా లోపలే ఉంది. కాబట్టి విషాన్ని విరిచే బాధ్యత మైటోకాండ్రియాది, ఆ విషం దెబ్బ మొదట తగిలేదీ దానికే.

ఈ రెండు మెట్లలోనూ ఎన్‌ఏడీ అనే అణువు హైడ్రోజన్‌ను మోసుకుని ఎన్‌ఏడీహెచ్‌గా మారుతుంది. దాన్ని మళ్లీ ఖాళీ చేసి పంపే చోటు మైటోకాండ్రియాలోని శ్వాస గొలుసు, అంటే ఆక్సిజన్ వాడుకుని శక్తిని తీసే ప్రోటీన్ల వరుస. నిండు సిలిండర్లతో కిక్కిరిసిపోయి, ఒక్క ఖాళీ సిలిండరు కూడా దొరకని గ్యాస్ గోదామును ఊహించుకోండి. రాత్రంతా లివర్ కణం స్థితి అదే. కొవ్వును కాల్చాలంటే ఖాళీ ఎన్‌ఏడీ కావాలి. అది లేదు, కొవ్వు కాలదు, అక్కడే పేరుకుంటుంది. స్కానింగ్‌లో కనిపించిన గ్రేడ్ 2 అదే. రక్తంలో చక్కెర తగ్గితే లివర్ కొత్తగా గ్లూకోజ్ తయారుచేయాలి. ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఏమీ తినకుండా బాగా తాగి పడుకున్నవాళ్లు షుగర్ పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకోవడం వెనుక కారణం ఇది. ఇంట్లోవాళ్ల మాటలో నిజం ఉన్నది ఇక్కడ మాత్రమే. కడుపులో తిండి ఉంటే మద్యం నెమ్మదిగా ఎక్కుతుంది, షుగర్ పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. ఎన్‌ఏడీ సమస్యకు మాత్రం గుడ్లూ మాంసమూ జవాబు కావు. పైగా మందులోకి నంజుకునే వేపుళ్లలోని నూనె, కాలని కొవ్వు మీద మరింత కొవ్వు పోస్తుంది. బావగారికి పొట్ట, షుగర్ కూడా ఉంటే రెండు నష్టాలూ కలిసి ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. 2023లో ఫ్యాటీ లివర్ పేర్లు మార్చినప్పుడు ఇలాంటి మిశ్రమ కేసుల కోసం విడిగా ఒక వర్గమే పెట్టారు.

ఇప్పటిదాకా చెప్పింది ఒక రాత్రి కథ. ఏళ్ల తరబడి సాగితే వేరే మార్పులు వస్తాయి, మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడ ఉంది.

మొదటిది, రోజూ తాగేవాళ్లలో సీవైపీ2ఈ1 అనే మరో ఎంజైమ్ పెరుగుతుంది. "ఇప్పుడు నాకు ఎంత తాగినా ఎక్కడం లేదు" అని గొప్పగా చెప్పుకోవడం వెనుక మెదడు అలవాటు పడడంతోపాటు దీనికీ కొంత వాటా ఉంది. ఈ ఎంజైమ్ పనిచేసేటప్పుడు చురుకైన ఆక్సిజన్ రాడికల్స్ బయటికి చిమ్ముతాయి. ఎన్‌ఏడీహెచ్‌తో కిక్కిరిసిన శ్వాస గొలుసు నుంచి కూడా అవే కారతాయి. వాటిని అణచడానికి కణం దగ్గరున్న రక్షణ గ్లూటాథయోన్. చిక్కేమిటంటే మైటోకాండ్రియా దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు, కణద్రవం నుంచి తెచ్చుకోవాలి. దీర్ఘకాలం మద్యం తాగితే మైటోకాండ్రియా లోపలి పొరలో కొలెస్ట్రాల్ చేరి పొర బిరుసెక్కుతుంది, గ్లూటాథయోన్ లోపలికి వచ్చే దారి మందగిస్తుంది. కణం మొత్తంలో నిల్వ ఫర్వాలేదనిపించినా మైటోకాండ్రియాలో మాత్రం కరువు. బార్సిలోనాలోని ఫెర్నాండెజ్-చెకా బృందం ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. నా మటుకు ఈ మొత్తం కథలో ముఖ్యమైన మలుపు ఇదే అనిపిస్తుంది. గ్లూటాథయోన్ లేని మైటోకాండ్రియా ఉన్న కణం, మామూలుగా తట్టుకోగలిగే వాపు సంకేతాలకు కూడా చచ్చిపోతుంది.

రెండోది డీఎన్‌ఏ. మైటోకాండ్రియాకు సొంత డీఎన్‌ఏ ఉంది, 16,569 అక్షరాల చిన్న వలయం. 37 జన్యువులు, అందులో 13 ప్రోటీన్ల కోసం. ఆ పదమూడూ శ్వాస గొలుసులోని భాగాలే. కేంద్రకంలోని డీఎన్‌ఏకు ఉన్నట్టు దీనికి హిస్టోన్లనే ప్రోటీన్ల తొడుగు లేదు, రాడికల్స్ పుట్టే చోటికి పక్కనే ఉంటుంది. మన్సూరి బృందం 1999లో ఎలుకలకు ఒకే ఒక్కసారి పెద్ద మోతాదు మద్యం ఇచ్చి చూస్తే, రెండు గంటల్లో లివర్ మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ భారీగా తగ్గింది, తర్వాత మళ్లీ కోలుకుంది. అంటే మరమ్మతు చేసుకునే శక్తి ఉంది, దానికి వ్యవధి కావాలి. ప్రతి రాత్రీ తాగేవాళ్లు ఆ వ్యవధి ఇవ్వరు. తాగుడు అలవాటున్న కొందరి లివర్లో ఈ డీఎన్‌ఏలో 4,977 అక్షరాల ముక్క ఊడిపోయి ఉండడం ఫ్రోమెంటీ బృందం 1995లో చూపింది. మామూలుగా వయసు మళ్లిన కణాల్లో కనిపించే లోపం అది.

మద్యం పట్టించిన ఎలుకల్లో శ్వాస గొలుసులోని 1, 3, 4, 5 సముదాయాలు బలహీనపడ్డాయి. రెండోది మాత్రం దాదాపు మామూలుగానే ఉంది. ఎందుకంటే రెండోదాని భాగాలన్నీ కేంద్రకం డీఎన్‌ఏ నుంచే వస్తాయి, మిగతా నాలుగింటికీ ఆ పదమూడు ప్రోటీన్లలో ఏదో ఒకటి కావాలి. దెబ్బ ఎక్కడ తగిలిందో వేలుపెట్టి చూపించినట్టుంది కదా! ఫలితం, కణం శక్తికోసం వాడే ఏటీపీ తగ్గడం. కణం బతికే ఉంటుంది గానీ చేతిలో శక్తి తక్కువ.

మూడోది ఆక్సిజన్. లివర్‌లో రక్తం ప్రతి చిన్న విభాగం అంచు నుంచి మధ్యలోని సిర వైపు పారుతుంది. అంచున ఉన్న కణాలు ముందు ఆక్సిజన్ తీసుకుంటాయి, మధ్యలోవాటికి మిగిలింది దక్కుతుంది. మద్యాన్ని కరిగించడానికి ఆక్సిజన్ ఎక్కువ ఖర్చవుతుంది, సీవైపీ2ఈ1 కూడా మధ్యభాగంలోనే ఎక్కువ. అందుకే స్లైడ్ మీద మద్యం దెబ్బ మొదట ఆ మధ్య సిర చుట్టూ కనిపిస్తుంది, మచ్చకట్టడం కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

స్లైడ్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. మామూలు మైటోకాండ్రియా సాధారణ మైక్రోస్కోప్‌లో విడిగా తెలియదు. మద్యం తాగేవాళ్ల లివర్‌లో కొన్ని మాత్రం గులాబీ రంగు గోళీల్లా, ఒక్కోసారి కేంద్రకమంత పెద్దవిగా కనిపిస్తాయి. వీటిని మెగామైటోకాండ్రియా అంటాం. చూస్తే ఇదే పెద్ద జబ్బు అనిపిస్తుంది, కానీ 1986లో వచ్చిన ఒక అధ్యయనంలో అవి ఉన్న రోగులే మెరుగ్గా బతికారు. దెబ్బతిన్నవి ఒకదానితో ఒకటి కలిసిపోయి నెట్టుకొచ్చే ప్రయత్నం కావచ్చు. అలాగే పెద్ద ఎలుకల్లో మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడకం తగ్గితే, చిట్టెలుకల్లో కొన్ని ప్రయోగాల్లో పెరిగింది. 2012లో హాన్ బృందం దాన్ని సర్దుబాటుగా వివరించింది. కాబట్టి మీరు చదివిన "మైటోకాండ్రియా చచ్చిపోతాయి" అన్న ఒక్క వాక్యంతో విషయం తేలదు. కొంతకాలం అవి సర్దుకుంటాయి, ఆ సర్దుబాటుకు అయ్యే ఖర్చు రాడికల్స్ రూపంలో కణం చెల్లిస్తుంది.

మీరు పంపిన రిపోర్టుకొస్తే, ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు పైన ఉంది. ఇది మద్యం తాలూకు ముద్ర. ఎస్‌జీపీటీ ఎక్కువగా కణద్రవంలో ఉంటుంది, ఎస్‌జీఓటీలో పెద్ద భాగం మైటోకాండ్రియా లోపలిది. మైటోకాండ్రియా దెబ్బతింటే అది రక్తంలోకి వస్తుంది. దీనికి తోడు తాగేవాళ్లలో విటమిన్ బీ6 తక్కువై ఎస్‌జీపీటీ పెరగాల్సినంత పెరగదు. "రెండూ వంద లోపే కదా" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మద్యం వల్ల వచ్చే జబ్బులో ఈ అంకెలు వందల్లోకి ఎగబాకకుండానే సిర్రోసిస్ వచ్చేయొచ్చు.

అంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకోటి ఉంది. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో ఫిబ్-4 అని వేస్తారు. మీ అంకెలతో అది 3 వస్తోంది. 1.3 లోపు ఉంటే నిశ్చింత, 2.67 దాటితే మచ్చకట్టడం ముదిరిందేమో అని చూడాలి. తాగుతున్న రోజుల్లో ఎస్‌జీఓటీ ఎక్కువ ఉంటుంది కాబట్టి ఈ లెక్క కొంత పెంచి చూపొచ్చు. అయినా గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, లివర్ ఎంత గట్టిపడిందో పైనుంచే కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించండి. మైటోకాండ్రియా పనితీరును నేరుగా చూసే ల్యాబ్ పరీక్ష అడగొద్దు. కీటోఐసోకాప్రోయేట్ ఇచ్చి ఊపిరిలో కొలిచే పద్ధతి ఒకటుంది, అది పరిశోధనలకే పరిమితం.

బాగుపడుతుందా అంటే, ఇక్కడ మైటోకాండ్రియా మనవైపే ఉన్నాయి. లివర్‌లో ఒక్కో మైటోకాండ్రియన్ ఆయుష్షు రోజుల్లోనే ఉంటుంది. చెడ్డవాటిని కణమే మింగేసి కొత్తవి తయారుచేసుకుంటుంది. పూర్తిగా మానేస్తే కొవ్వు చాలామందిలో 2 నుంచి 6 వారాల్లో తగ్గిపోతుంది. జీజీటీ రెండు మూడు వారాలకు సగం చొప్పున దిగుతుంది. బాగుపడడం కష్టమైంది మచ్చ. సిర్రోసిస్ దాకా వెళ్తే మానేసినా పాత రూపం పూర్తిగా రాదు, ముదరడం మాత్రం ఆగుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. భారీగా తాగేవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికే సిర్రోసిస్ వస్తుంది. జన్యువులు, బరువు, షుగర్, ఆడా మగా తేడా అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి ఊళ్లో "నలభై ఏళ్లు తాగాడు, ఏమైంది?" అని చూపించే పెద్దాయన ఒకరు దొరకడానికి కారణం ఇదే. మీ బావగారు ఏ గుంపులో ఉన్నారో ఫైబ్రోస్కాన్ కొంత చెబుతుంది.

మాత్రల సంగతి. కోఎంజైమ్ క్యూ10ను మైటోకాండ్రియాలోకి చేరేలా మార్చిన మైటోక్యూ అనే పదార్థం ఎలుకల్లో మద్యపు ఫ్యాటీ లివర్‌ను తగ్గించింది. మనుషుల్లో ఈ జబ్బుకు ఆమోదం పొందిన మందు కాదది. మందుల షాపులో దొరికే మామూలు క్యూ10 దానికి సమానం కాదు. లివర్ కోసమంటూ అమ్మే ఫాస్ఫోలిపిడ్ క్యాప్సూల్స్ కథ ఇంకా ఆసక్తికరం. అవి బబూన్లను కాపాడాయని లీబరే చూపించారు. తర్వాత ఆయనే అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 789 మంది మీద పరీక్షించారు. 2003లో ఫలితం వచ్చింది, మచ్చ తగ్గించడంలో ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా లేదు. కాకపోతే ట్రయల్‌లో చేరిన రెండు గుంపులవాళ్లూ, డాక్టర్లు పదేపదే మాట్లాడుతుండడంతో కాబోలు, రోజుకు సుమారు 16 పెగ్గుల నుంచి రెండున్నర దాకా తగ్గించేశారు! గ్లూటాథయోన్‌ను పెంచే ఎన్-ఎసిటైల్‌సిస్టైన్ తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో (మద్యం వల్ల లివర్ వాచే జబ్బు) స్టెరాయిడ్‌తో కలిపి సెలైన్‌లో ఇస్తే నెలలోపు మరణాలు 24 నుంచి 8 శాతానికి తగ్గాయని 2011లో ఫ్రాన్స్ వాళ్ల ట్రయల్ చూపింది. ఆరు నెలలకు ఆ తేడా గట్టిగా నిలవలేదు. అది ఆసుపత్రిలో చేసే చికిత్స, ఇంట్లో కొనుక్కుని మింగేది కాదు. లివర్ టానిక్కులు, పసరు మందుల మీద డబ్బు పెట్టొద్దని నా సలహా. కొన్ని మూలికలు లివర్‌నే దెబ్బతీస్తాయి.

చివరగా, ఆయన ఇప్పుడు మానాలనుకుంటే జాగ్రత్తగా మాన్పించండి. పన్నెండేళ్లు రోజూ క్వార్టర్ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పి మాట్లాడడం రావచ్చు. ప్రాణాపాయం కూడా. సైకియాట్రీ డాక్టరు సాయంతో, థయామిన్ అంటే విటమిన్ బీ1 ఇస్తూ ఆపాలి. మైటోకాండ్రియాలో గ్లూకోజ్ కాలడానికి థయామిన్ తప్పనిసరి. అది లేనివాళ్లకు ముందే గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది, అందుకే క్యాజువాలిటీకి తీసుకెళ్తే రోజూ తాగుతారన్న సంగతి దాచొద్దు. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

అక్కగారికి ఒక మాట తప్పకుండా చెప్పండి. తాగుడు మాన్పించే పొడి అని కూరలో, కాఫీలో తెలియకుండా కలపొద్దు. డైసల్ఫిరామ్ మాత్రలు నూరి అలా కలిపేవాళ్లు ఉన్నారు. అది ఆపేది మైటోకాండ్రియాలోని ఆ ఏఎల్‌డీహెచ్2నే. ఆయన ఆ రాత్రి తాగితే ఎసిటాల్డిహైడ్ పేరుకుని బీపీ పడిపోతుంది, గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. పైగా ఆ మందు లివర్‌నూ దెబ్బతీయగలదు. తాగాలన్న కోరిక తగ్గించే వేరే మందులు ఉన్నాయి, బాక్లోఫెన్‌ను సిర్రోసిస్ ఉన్నవాళ్లలో కూడా పరీక్షించారు. డాక్టరు చూసి ఇస్తారు.

పొద్దున్నే తలనొప్పికి పారాసెటమాల్ వేసుకునే అలవాటుంటే అది కూడా డాక్టరుకు చెప్పాలి. సీవైపీ2ఈ1 ఆ మాత్రలో కొంత భాగాన్ని మైటోకాండ్రియాను చంపే పదార్థంగా మారుస్తుంది, దాన్ని విరవాల్సిన గ్లూటాథయోన్ ఆయన దగ్గర తక్కువ. రోజుకు 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, దాటకూడదు. కళ్లు పచ్చబడినా, పొట్టలో నీరు చేరినా, నల్లగా విరేచనమైనా, మాట తడబడి మగతగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఈ వారంలోనే ఫైబ్రోస్కాన్ చేయించవచ్చు. దానికి ముందు మూడు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. మానేసిన కొన్ని వారాలకు అదే మిషన్ మీద మళ్లీ ఒకసారి చూపించండి, వాపు తగ్గాక వచ్చే అంకె ఇప్పటిదానికన్నా నమ్మదగినది.